ప్రసాద్ బందరు చేరిన రోజు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కూడా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. దయ్యాల కథలున్న పుస్తకాలకు నంబర్లు వేసి అరల్లో సర్దాను, కొన్ని చదివాను, ఒక్కదానికీ భయపడలేదు. మా ఆయన పోయాక తొమ్మిది నెలలుగా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఏ చప్పుడూ వినలేదు, ఏ నీడా చూడలేదు. వింటే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. వినలేదు.

అందుకని ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగిన వరుసలో పెట్టుకుంటే నాకైనా అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

మా ఆయన పేరు ప్రసాద్. విజయవాడలో డిగ్రీ ఒకే క్లాసులో చదివాం. క్లాసులో ఒకరినొకరు గారు అని పిలుచుకున్నాం. పెళ్ళయ్యాక పేర్లతో పిలుచుకున్నాం. ఆయన ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు.

కిందటి దసరాకు మా క్లాసువాళ్ళు వాట్సాప్ గ్రూపు పెట్టారు. నలభై మూడేళ్ళ తర్వాత అందరం ఒకచోట కలవాలని చలపతి పట్టుబట్టాడు. చలపతి వాళ్ళది కృత్తివెన్ను వైపు చేపల వ్యాపారం చేసే కుటుంబం. ఏదైనా తలకెత్తుకుంటే వదలడు. ఆచూకీ దొరకని వాళ్ళ పేర్లతో గ్రూపులో ఒక జాబితా పెట్టాడు. అందులో నాలుగో పేరు రషీద్.

ఆ రాత్రి ప్రసాద్ అన్నం సగంలో వదిలేశాడు. అడిగితే, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

రషీద్ కథ సగం మా క్లాసుకంతా తెలుసు. ఫైనల్ ఇయర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ప్రసాద్ మ్యాట్నీకి వెళ్ళాడు. కెమిస్ట్రీ క్లాసులో అటెండెన్స్ తీస్తుంటే ప్రసాద్ నంబరుకు రషీద్ గొంతు మార్చి పలికాడు. ప్రాక్సీ చెప్పడం ఆ రోజుల్లో అందరూ చేసేదే. ఆ రోజు మాత్రం లెక్చరర్ తలెత్తి చూశాడు. ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిపించాడు. ప్రసాద్‌కు ఫైన్ వేశారు. రషీద్ వాళ్ళ నాన్నను బందరు నుంచి పిలిపించారు. ఆయన పరుపులు కుట్టేవాడు. కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. రషీద్ మళ్ళీ కాలేజీకి రాలేదు. పరీక్ష రాయలేదు.

మాకెవరికీ తెలియని సగం ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. "నువ్వు చెప్పమన్నావా?" అని ప్రిన్సిపాల్ అడిగితే, "లేదు సార్, నాకేం తెలియదు" అన్నాడట ప్రసాద్. నిజానికి చెప్పమన్నది ప్రసాదే. రషీద్ ఒకసారి అతని వైపు చూసి, ఏమీ మాట్లాడలేదట. ఆ గదిలో ఉన్నది ముగ్గురే. ప్రిన్సిపాల్ పోయి చాలా ఏళ్ళయింది.

"వెళ్ళి చెప్పాలి" అన్నాడు ప్రసాద్. "ఇన్నేళ్ళకా?" అన్నాను. అంతకన్నా మంచి మాట ఏదైనా అని ఉండాల్సింది.

కార్తీకమాసం రెండో సోమవారం ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాడు. బందరులో రషీద్ షాపు ఎక్కడో ఎవరినో అడిగి కనుక్కున్నానన్నాడు. ముందు ఇక్కడే విజయవాడలో ఏదో చిన్న పనుందని, అది చూసుకుని అటునుంచి అటే బస్సెక్కుతానన్నాడు. ఆ పనేమిటో చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఉయ్యూరు బస్టాండులో పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఏమీ లేదన్నారు. ఫోను, పర్సు, కళ్ళజోడు నా చేతికిచ్చారు. చొక్కా కత్తిరించి తీశారు. దాని జేబులో బస్సు టికెట్ ఉందేమో ఎవరూ చూడలేదు.

ఉయ్యూరు విజయవాడకూ బందరుకూ మధ్యలో ఉంటుంది. బందరు వెళ్ళే బస్సులూ ఆ బస్టాండులో ఆగుతాయి, వచ్చేవీ ఆగుతాయి. ఆయన వెళ్తూ పడిపోయాడా, వస్తూ పడిపోయాడా? చెప్పాలనుకున్నది చెప్పాడా, చెప్పకుండానే పోయాడా? ఎనిమిది నెలలు నాకు ఈ ఒక్క ప్రశ్నే మిగిలింది. ఏడుపు పెద్దగా రాలేదు. తినేదాన్ని, పడుకునేదాన్ని, కరెంటు బిల్లు కట్టేదాన్ని. విశాఖ నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే బాగానే ఉన్నాననేదాన్ని.

బందరు వెళ్ళి రషీద్‌ను వెతికి అడగొచ్చు కదా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. రాలేదండీ అంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక వెళ్ళలేదు.

సమ్మేళనం ముందు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో అనుకున్నారు. ఏప్రిల్‌లో గ్రూపులో ఓట్లు పెట్టి తేదీ నిర్ణయించారు. జులై రెండో ఆదివారం. జూన్‌లో వెళ్ళి చూస్తే హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచెయ్యడం లేదు. మోకాళ్ళ ఆపరేషన్లయిన వాళ్ళు నలుగురున్నారు. అందుకని కంకిపాడు అవతల పొలాల పక్కనున్న ఒక కళ్యాణ మండపానికి మార్చారు. ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నేను వెళ్ళకూడదనుకున్నాను. చలపతి కారు పంపించాడు, ఎక్కాను.

గుమ్మం దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మాలో పోయినవాళ్ళ ఫొటోలు ఏడు, ఒక్కోదాని కింద పేరు, పోయిన తేదీ. ప్రసాద్ ఫొటో రెండో వరసలో ఉంది. రిటైర్మెంట్ రోజు తీసింది, నేనే పంపాను.

లోపల అరవై నాలుగేళ్ళ వాళ్ళంతా ఒరేయ్, ఒసేయ్ అని అరుచుకుంటున్నారు.

"ఒరేయ్ మూర్తీ, జుట్టేదిరా? ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని చలపతి మైకులోనే అడిగాడు.

"నీ పొట్ట కింద ఉందేమో చూడరా, నీకెలాగూ కనపడదు" అని మూర్తి లేచి అరిచాడు.

"షుగరున్నోళ్ళు ఎడం పక్క కూర్చోండమ్మా, లేనోళ్ళు కుడి పక్క. కుడి పక్కకి ఒక కుర్చీ చాలయ్యా, మిగతావి ఇటేసెయ్యండి!" అని చలపతి మళ్ళీ మైకందుకున్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ఉన్నాను. తర్వాత ఒక్కొక్కరూ లేచి రెండు నిమిషాలు తమ సంగతులు చెప్పాలన్నారు. ఉద్యోగాలు, పిల్లలు, స్టెంట్లు, మనవలు. నా వంతు వస్తే, ప్రసాద్ నవంబరులో పోయాడని, అమ్మాయి లెక్చరరని, నేను రిటైరయ్యానని చెప్పి కూర్చున్నాను. అర నిమిషం కూడా పట్టలేదు.

భోజనాలు మొదలయ్యాక వంటశాల వైపు తలుపులోంచి ఒకాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. గుమ్మంలోంచి రాలేదు కాబట్టి ఫ్లెక్సీ చూడలేదు. తన పేరు చెప్పగానే చలపతి కౌగిలించుకుని మైకు దగ్గరికి పరుగెత్తాడు. "మన కమిటీ కృషి వల్ల రషీద్ దొరికాడు, చప్పట్లు!" అన్నాడు. తర్వాత తెలిసిందేమిటంటే కమిటీలో ఎవరూ రషీద్‌కు కబురు చెప్పలేదు. ప్రతివాళ్ళూ ఇంకొకరు చెప్పి ఉంటారనుకున్నారు. రషీద్ దగ్గర మామూలు ఫోనే ఉంది, వాట్సాప్ లేదు. అతని నంబరు మా గ్రూపులో ఎవరి దగ్గరా లేదు.

అతను పళ్ళెం తీసుకోకుండా అందరి మొహాలూ చూస్తూ నా దగ్గరికొచ్చాడు.

"సుగుణ గారేనా అండీ?"

"అవునండీ. గుర్తుపట్టారే."

"ప్రసాద్ ఏడండీ? ఇందాకట్నుంచి చూస్తన్నా, కనపళ్ళేదు."

ఆ మాట చెప్పడం నాకు అలవాటైపోయింది. కష్టపడకుండానే వచ్చింది. "ప్రసాద్ లేడండీ. పోయాడు."

"అయ్యో. ఎప్పుడండీ?"

"నవంబర్లో."

"ఏ నవంబరు?"

"మొన్న నవంబరే."

అతను తల అడ్డంగా ఊపాడు. "కాదండీ, మీరేదో పొరబడ్డారు. మొన్న మార్చిలో, రంజాన్లో నా షాపుకొచ్చాడు కదా."

భర్త ఎప్పుడు పోయాడో పొరబడ్డానని ఒక మనిషి నాతో అంటున్నాడు. నేను వాదించలేదు. లేచి ఫ్లెక్సీ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను దగ్గరికెళ్ళి పేరు చదివాడు, కింద రాసిన తేదీ చదివాడు. ఫొటో చూసి, "ఇతనే" అన్నాడు. పక్కనే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక ఇక్కడినుంచి అతను చెప్పింది. ఇరవై ఆరో ఉపవాసం రోజు, సాయంత్రం. ఉపవాసం విడవడానికి ఇంకో గంట ఉందనగా ప్రసాద్ షాపులోకి వచ్చాడు. నలభై మూడేళ్ళయినా నడకను బట్టి పోల్చుకున్నాడట. చుట్టిన పరుపుల మీద కూర్చున్నాడు. సోడా తెప్పిస్తానంటే, "నువ్వు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుంటే నేను తాగనా, వద్దు" అన్నాడు. కాసేపు దూది ధరల గురించి, పిల్లల గురించి మాట్లాడాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"నేనే చెప్పమన్నాను, చెప్పమనలేదని అబద్ధం ఆడాను. ప్రిన్సిపాల్ ముందు ఒప్పుకోవాల్సింది, నీ ముందు ఒప్పుకుంటున్నా. నన్ను క్షమిస్తావా, అన్నాడండీ."

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదండీ. అప్పటిదాకా చల్లారిపోయిందనుకున్న కోపం ఒక్కసారి పైకొచ్చింది. ఉపవాసంలో ఉండి నోరు చేసుకోకూడదని పళ్ళు బిగబట్టుకున్నా. నా జవాబు కోసం చాలాసేపు చూశాడు. చూసి, మనవాళ్ళంతా కలుస్తున్నారు, అక్కడికొచ్చి చెప్పు, అన్నాడు. ఎక్కడో ఎప్పుడో కూడా చెప్పాడు. రాసుకున్నా. ఆ జవాబు చెబుదామనే వచ్చానండీ."

నేను నా ప్రశ్న అడిగాను. నవంబరులో ప్రసాద్ ఎప్పుడైనా వచ్చాడా అని.

"లేదండీ. ఇన్నేళ్ళలో వచ్చింది ఆ ఒక్కసారే."

అంటే వెళ్తూ పడిపోయాడు. ఎనిమిది నెలలు మోసిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఏమీ అనిపించలేదు. ఎవరో నా చేతిలో పెరుగన్నం గిన్నె పెట్టారు, తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. గ్రూప్ ఫొటోకు రమ్మని చలపతి కేకలేస్తే ఇద్దరం వెళ్ళి నిలబడ్డాం. ఫొటోలో రషీద్ చివరి వరసలో ఉన్నాడు. ఎటో పక్కకు చూస్తున్నాడు.

పన్నెండు రోజుల తర్వాత బందరు వెళ్ళాను. చలపతి తోడొచ్చాడు. జరిగింది అతనికి దారిలో చెప్పాను. ప్రిన్సిపాల్ గది సంగతి తప్ప.

"ఎవడో వేరేవాడు వచ్చి ఉంటాడమ్మా. ముసలాళ్ళం, మొహాలన్నీ ఒకేలా ఉంటాయి. మా ఆవిడ మొన్న నన్నే పోస్ట్‌మాన్ అనుకుంది" అన్నాడు. నన్ను నవ్వించాలని చూస్తున్నాడు, పాపం.

షాపు చిన్నది. ముందు గదిలో చుట్టిన పరుపులు, పక్కన బూరుగు దూది బస్తాలు. వెనక ఇల్లు. రషీద్ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. అడగకముందే కొలతల పుస్తకం తీసుకొచ్చాడు. మంచం కొలవడానికి ఎవరింటికి వెళ్ళినా పొడుగు, వెడల్పు, దూది రకం అందులో రాసుకుంటాడు. ఆర్డరుకో పేజీ, పైన తేదీ.

ఒక పేజీలో మార్చి నెల తేదీ, ఆరడుగుల మంచం ఒకటి, నాలుగు దిళ్ళు. దానికి ఒక పేజీ అవతల రంజాన్ పండగ వెళ్ళిన వారం తేదీ, ఊయల పరుపు. మధ్య పేజీలో తేదీ లేదు. రషీద్ చేతిరాతతో ఇలా ఉంది: "జులై రెండో ఆదివారం. బందరు నుంచి వస్తే కంకిపాడుకు ముందే, కుడి చేతి వైపు, పొలాల పక్కన కళ్యాణ మండపం."

మార్చి నాటికి మా గ్రూపులో తేదీ గురించి మాటే రాలేదు. ఆ మండపం పేరు మాలో ఎవరికీ తెలియదు. జూన్‌లో చలపతి పంపిన మెసేజీలో దారి విజయవాడ నుంచి వచ్చేవాళ్ళకు రాసి ఉంది. కంకిపాడు దాటాక ఎడమ వైపు అని. ఇక్కడ బందరు నుంచి వచ్చే మనిషికి చెప్పినట్టు ఉంది.

చలపతి ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ముందు పేజీ, వెనక పేజీ తిప్పి చూశాడు. పుస్తకం కుట్టు చూశాడు. వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు.

లోపలి గుమ్మంలోంచి రషీద్ భార్య మస్తాన్‌బీ వచ్చింది. ఆ సాయంత్రం ఆమె మనిషిని ఎదురుగా చూడలేదు. కర్టెన్ సందులోంచి వీపు చూసింది. బూడిదరంగు చొక్కా, నెరిసిన జుట్టు. గొంతు వింది.

"ఉపవాసం విడిచేదాకా ఉండమని చెప్పండి, పళ్ళు కోస్తన్నా అని ఈయనకి కేకేశానమ్మా. ఇంకో పళ్ళెం కూడా పెట్టా. వచ్చి చూస్తే వెళ్ళిపోయాడు. ఏం మనుషులయ్యా, ఇంటికొచ్చినాయన్ని నోట్లో ఏదీ పడకుండా పంపిస్తారా అని ఈయన్ని కోప్పడ్డా కూడాను. ఆ పళ్ళెం పక్కింటోళ్ళకిచ్చా."

ప్రసాద్‌కు బూడిదరంగు చొక్కాలు రెండున్నాయి. ఆ రంగు చొక్కాలు ఆ వయసు మగవాళ్ళలో సగంమందికి ఉంటాయి. కాబట్టి దానికి నేను విలువ ఇవ్వడం లేదు.

వేరే ఎవరో వచ్చారనుకుందాం. ప్రిన్సిపాల్ గదిలో అన్న మాట అతనికెలా తెలుస్తుంది? రషీద్ కల్పించాడనుకుందాం. అబద్ధమాడి అతనికి వచ్చేదేమిటి? పైగా ఫ్లెక్సీ ముందు ఆ మొహం నేను చూశాను. ఖాళీగా వదిలిన పేజీలో జూన్ తర్వాత రాసి, మార్చిలో రాశాననుకుంటున్నాడా? అది జరగొచ్చు. అయితే జూన్‌లో అతనికి చెప్పిందెవరు? గ్రూపులో ఉన్న నలభై ఒక్క మందినీ అడిగాను. ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిన దారులన్నీ ఇలా కొంతదూరం వెళ్ళి ఆగిపోతున్నాయి.

మస్తాన్‌బీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక రషీద్‌ను అడిగాను. ఆ ఆదివారం ప్రసాద్ కనిపించి ఉంటే ఏం చెప్పేవారని.

అతను చేతికంటిన దూది పోగులు ఒక్కొక్కటీ తీసుకుంటూ కూర్చున్నాడు.

"నిజం చెప్పమంటారా? బస్సులో వస్తన్నంతసేపూ తేల్చుకోలేకపోయానండీ. మా నాన్న నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన రోజు ప్రిన్సిపాల్‌కి దణ్ణం పెట్టాడు. అది నా కళ్ళ ముందు నుంచి పోదు. పోనీలే అందామా అనుకున్నా, అనకూడదనీ అనుకున్నా. మొహం చూశాక ఏదొస్తే అది అందామనుకున్నా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీతో అనమంటారా?"

"వద్దండీ" అన్నాను. అది నాకు చెప్పాల్సింది కాదు. నేను వింటే అక్కడితో తీరిపోయేదీ కాదు.

టీ తాగి లేచాను. రషీద్ మెట్ల దాకా వచ్చాడు. చెప్పులేసుకుంటుంటే గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక మాటండీ. ఆ రోజు వెళ్ళేటప్పుడు, అక్కడ కుదరకపోతే మళ్ళీ వస్తాలే అన్నాడు. మీకు చెప్పకూడదనుకున్నా. మళ్ళీ వస్తే ఏం చెయ్యమంటారు?"

అలాంటిదేమీ జరగదని చెప్పాలి. నేను నమ్మేది అదే. ఈ వాక్యం రాస్తున్న ఇప్పుడు కూడా అదే నమ్ముతున్నాను.

"కూర్చోబెట్టండి" అన్నాను. "మీకేది అనిపిస్తే అది అనండి. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఏమీ అనకుండా మాత్రం పంపకండి."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలియదు. మార్చిలో ఆ షాపులో పరుపుల మీద కూర్చున్నది ఎవరో కూడా తెలియదు.

రషీద్ మాత్రం తల ఊపి, "సరేనండీ" అన్నాడు.